5 డోర్ జిమ్నీ: లిఫ్ట్ ఎంత, టైరు ఎంత, రిమ్ము ఏది? (నల్లరేగడి, సీమ రాళ్ల బాటల కోసం)

రేగడిబాట
అందరికీ నమస్కారం. బండి 5 డోర్ జిమ్నీ, ఆల్ఫా మాన్యువల్. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. వారమంతా హైదరాబాద్‌లో తిరుగుడు, సెలవు రోజుల్లో వికారాబాద్, తాండూరు వైపు పొలాల దారులు, ఎండాకాలంలో అనంతపురం, కడప వైపు గుట్టల బాటలు. ఎక్కువగా ఇద్దరమే, అప్పుడప్పుడు నలుగురం, సామాను.

ఒక షాపులో 2 అంగుళాల లిఫ్ట్ (బండిని ఎత్తు లేపడం), 235/75 ఆర్15 (వెడల్పు 235 ఎంఎం, పక్కగోడ అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు) మడ్ టెర్రైన్ అనే బురద టైర్లు, 15x8 రిమ్ములు కలిపి ప్యాకేజీ చెప్తున్నారు. నాకున్న ఇబ్బంది ఒక్కటే: గట్టు దాటేటప్పుడు బండి నడుం (ముందు, వెనక చక్రాల మధ్య అడుగుభాగం) తగులుతోంది. మొత్తం ప్యాకేజీ తీసుకోవాలా, విడివిడిగా చేసుకోవాలా?

కాయిల్‌స్ప్రింగ్
ప్యాకేజీ వద్దండీ. ఆ మూడింట్లో ఏది ఏ పని చేస్తుందో చూసుకుంటే మీకు ఏది కావాలో తేలిపోతుంది.

జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు). లిఫ్ట్ స్ప్రింగులు వేస్తే ఛాసిస్ లేస్తుంది కానీ డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మీద గేర్లుండే ఉబ్బు) ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. కంపెనీ 195/80 ఆర్15 వ్యాసం 693 ఎంఎం. 215/75 ఆర్15 వేస్తే సుమారు 703, అంటే డిఫరెన్షియల్ లేచేది 5 ఎంఎం. 235/75 ఆర్15 అయితే 733, అంటే 20 ఎంఎం.

మీకు తగిలేది నడుం. 5 డోర్‌లో ర్యాంప్ కోణం (నడుం తగలకుండా గట్టు దాటగల కోణం) 24 డిగ్రీలు, 3 డోర్‌లో 28. వీల్‌బేస్ 2250 నుంచి 2590కి పెరగడమే దానికి కారణం. కాబట్టి మీ విషయంలో కొంచెం లిఫ్ట్ అర్థవంతమే. అయితే 2 అంగుళాలు అక్కర్లేదు, 30 నుంచి 40 ఎంఎం చాలు. దాంతోపాటు గుమ్మాల కింద ఛాసిస్‌కి బిగించే రాక్ స్లైడర్లు, ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందూ వెనకా యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) కింద ప్లేటు ఉంటే, తగిలినా జారి దాటేస్తుంది. 5 డోర్‌కి ఇవి లిఫ్ట్ కంటే ముందు కొనాల్సినవి అంటాను.

సీమబాట
నేను టైరు దగ్గర మొదలుపెట్టమంటా. 215/75 ఆర్15 ఆల్ టెర్రైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే రకం) తీసుకోండి. మీ అలాయ్ 5.5 అంగుళాల వెడల్పు, 215కి అది సరిపోతుంది. లిఫ్ట్ లేకుండానే పడుతుంది, స్పీడోమీటర్ తేడా ఒకటిన్నర శాతం, అది ఉన్నా లేనట్టే. 235కి మాత్రం కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే ట్రెడ్ మధ్యలో ఉబ్బి అక్కడే అరుగుతుంది, మూలల్లో పక్కగోడ ఊగుతుంది.

ఇంకోటి, ఇంజన్ సంగతి మరవద్దు. 1.5 లీటర్ పెట్రోల్, 134 న్యూటన్ మీటర్ల టార్క్. 235 వేస్తే గేరింగ్ దాదాపు 6 శాతం పొడవవుతుంది. దాని మీద ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైరు అయితే ఒక్కో చక్రానికి నాలుగైదు కిలోలు తోడవుతాయి. ఊళ్లో రెండో గేరులో లాగదు, హైవే ఎత్తుల్లో ఐదో గేరు నిలవదు. వారమంతా సిటీలో తిరిగే బండికి అది రోజూ కనిపించే నష్టం.

గేర్4ఎల్
సీమబాట అన్నతో ఒక్క దగ్గర ఒప్పుకోను. నల్లరేగడిలో వాన పడ్డాక ఆల్ టెర్రైన్ టైరు పని రెండు చుట్లలో అయిపోతుంది. గాళ్లలో మట్టి పట్టేసి టైరు నున్నగా గుండులా తయారవుతుంది. ఆ మట్టిని విసిరేసేది మడ్ టెర్రైన్ గాళ్లే. తాండూరు కందిచేల దారులంటే మొత్తం రేగడే కదా.

సీమబాట
నిజమే తమ్ముడూ, కానీ మడ్ టెర్రైన్ కూడా ఊరికే విసరదు, చక్రం కాస్త జోరుగా తిరగాలి. జిమ్నీ 4ఎల్‌లో (ఫోర్‌వీల్ లో గేరులో) మెల్లగా పాకితే అదీ నిండుతుంది. పైగా తడి సిమెంటు రోడ్డు మీద, ఘాట్ మలుపుల్లో దాని బ్రేకింగ్ పట్టు తక్కువ. వానాకాలం రేగడిలోకి ప్రతి వారం దిగేవాళ్లకే అది న్యాయం. మిగతావాళ్లు వాన పడ్డ రెండు రోజులు ఆగి వెళ్లడం మేలు. తడి దారిలో మన చక్రాలు కోసిన గాళ్లు ఎండాక రైతు ట్రాక్టరుకీ ఎడ్లబండికీ ఇబ్బంది.

మడ్ టెర్రైన్ వేసి తీరాలంటే సన్నది వేయండి. రేగడిలో పైన మెత్తన, కింద గట్టి పొర ఉంటుంది. సన్న టైరు కోసుకుని కిందికి దిగి ఆ గట్టి పొరను పట్టుకుంటుంది. వెడల్పు టైరు పైన తేలి జారుతుంది. ఇసుకలో మాత్రం లెక్క తిరగబడుతుంది.

నట్టుబోల్టు
రిమ్ముల లెక్క ఎవరూ వేయలేదు కాబట్టి నేను వేస్తా. 15x8 ఎందుకు వద్దో దీంట్లో తెలుస్తుంది.

కంపెనీ రిమ్ము 15x5.5, ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దూరం) ప్లస్ 5. పీసీడీ (బోల్టుల సంఖ్య, అవి ఉన్న వలయం వ్యాసం) 5x139.7, మధ్య రంధ్రం 108 ఎంఎం. హబ్ ముఖం నుంచి టైరు లోపలి అంచు ఎంత దూరంలో ఉందో చూడాలి. టైరు వెడల్పులో సగం, దానికి ఆఫ్‌సెట్ కలపాలి.

కంపెనీది: 97.5 + 5 = 102.5 ఎంఎం.
215 టైరు, అదే రిమ్ము: 107.5 + 5 = 112.5.
235 టైరు, ఆఫ్‌సెట్ సున్నా: 117.5.
235 టైరు, ఆఫ్‌సెట్ మైనస్ 10: 107.5.

ఈ అంకె పెరిగే కొద్దీ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి భుజం ముందు రేడియస్ ఆర్మ్‌కి (యాక్సిల్‌ను ఛాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీకి) రాసుకుంటుంది. ‘ఫెండర్‌కి తగలట్లేదు కదా’ అని షాపులో చూపిస్తారు, ఆర్మ్ దగ్గర ఎవరూ చూడరు. అక్కడ పెయింటు పోయి మెరుస్తుంటే రాసుకుంటోందని గుర్తు. నకిల్ (స్టీరింగ్‌తో తిరిగే హబ్ భాగం) మీద స్టాప్ బోల్టును కొంచెం బయటికి తీసి ఆపవచ్చు, కానీ బండి తిరిగే చోటు పెరుగుతుంది. ఇప్పటికే టర్నింగ్ రేడియస్ 5.7 మీటర్లు.

దాన్ని తప్పించడానికి మైనస్ ఆఫ్‌సెట్ 8 అంగుళాల రిమ్ములు పెడితే చక్రం బయటికి పోతుంది. బేరింగ్ మీద లోడు, కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) మీద లోడు పెరుగుతాయి. రాయి తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది. ఫెండర్ దాటి బయటికొచ్చిన టైరు అద్దాల మీదికి, వెనక బండి మీదికి రాళ్లు కొడుతుంది.

నా మాట: 215 అయితే మీ రిమ్ములే ఉంచండి. 235కే వెళ్లాలంటే 15x6 లేదా 15x6.5, ఆఫ్‌సెట్ సున్నా నుంచి మైనస్ 10 లోపు. నట్లు ఎం12x1.25, శంకువు సీటు 60 డిగ్రీలది, బిగింపు 100 న్యూటన్ మీటర్లు. ఇంపాక్ట్ గన్‌తో వదిలేయనివ్వకండి, టార్క్ రెంచితో అడ్డంగా ఎదురెదురు నట్లు బిగించమనండి. 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడాలి.

గోదారిగట్టు
స్టీలు రిమ్ములా, అలాయా? రాళ్ల బాటలకు ఏది నయం?

నట్టుబోల్టు
జిమ్నీ జీటా వేరియంట్‌లో వచ్చే స్టీలు రిమ్ములు రాళ్లకు బంగారం లాంటివి గారూ. అంచు వంగితే సుత్తితో సరిచేసి గాలి నిలబెట్టుకుని ఊరు చేరొచ్చు. అలాయ్ పగిలిందంటే అక్కడే ఆగినట్టు. మంచి అలాయ్ తేలిగ్గా ఉంటుంది, అందుకు సిటీలో హాయి. బ్రాండు లేని చవక అలాయ్ మాత్రం రెండిటికీ చెడ్డది, బరువూ ఎక్కువే, పగులూ ఎక్కువే. కొనే ముందు రిమ్ము వెనక పోతలో వచ్చిన లోడ్ రేటింగు చూడండి. అది లేని రిమ్ము ముట్టుకోవద్దు.

చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్ల గురించి కూడా అడుగుతారు కాబట్టి: స్టడ్ మీద ఊరికే జారే ప్లేట్లు వద్దు. మధ్య రంధ్రం 108కి సరిగ్గా కూర్చోకపోతే బరువంతా స్టడ్ల మీద పడుతుంది.

కాయిల్‌స్ప్రింగ్
ఇక స్ప్రింగుల సంగతి. అందరూ ‘ఎన్ని అంగుళాల లిఫ్ట్’ అని అడుగుతారు, అడగాల్సింది ‘ఎన్ని కిలోలకు చేసిన స్ప్రింగు’ అని. ఓల్డ్ మ్యాన్ ఎమ్యూ, డాబిన్సన్స్, ఐరన్‌మ్యాన్ లాంటివాళ్లు ఎప్పుడూ మోసే బరువును బట్టి వేరువేరు స్ప్రింగులు అమ్ముతారు. స్టీలు బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) ఉన్న ముందు భాగానికి చేసిన స్ప్రింగును ఖాళీ బండికి వేస్తే లిఫ్ట్ చెప్పినదానికంటే పెరుగుతుంది, బండి గుర్రంలా ఎగురుతుంది, టైరు నేలను వదిలేస్తుంది. తేలిక స్ప్రింగు వేసి టెంటు, డబ్బాలు, నలుగురిని ఎక్కిస్తే వెనక కూర్చుండిపోతుంది.

మీ బండి కెర్బ్ బరువు (మనుషులు, సామాను లేని బరువు) సుమారు 1200 కిలోలు, మొత్తం అనుమతించిన బరువు 1545. మిగిలేది 345. నలుగురు మనుషులు 280 అనుకుంటే 65 కిలోలే మిగిలాయి. స్టీలు బంపరు, వించి కలిపితేనే అది అయిపోతుంది. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన ఆ 1545 పెరగదు. బ్రేకులూ యాక్సిలూ పాతవే కదా.

మీకు నేను చెప్పేది: ముందు తేలిక రేటు, వెనక మధ్యస్థం, 30-40 ఎంఎం. కిట్టు 5 డోర్ కోసం చేసిందేనా అని అడిగి తీసుకోండి. 3 డోర్ కిట్టు బోల్టులకు సరిపోవచ్చు, వెనక బరువు లెక్క వేరు.

షాకులు తప్పక మార్చాలి. పాత షాకు పొడవు చాలక, చక్రం కిందికి వేలాడినప్పుడల్లా షాకే ఆపుడు కర్రలా పనిచేస్తుంది. లోపలి పిస్టన్ తలకు దెబ్బలు తగిలి సీలు పోతుంది, నూనె కారుతుంది. స్ప్రింగు కింద పెట్టే రబ్బరు, అల్యూమినియం స్పేసర్లతో ఎత్తు వస్తుంది, పాత షాకులే ఉంటే చక్రం కిందికి వేలాడే దూరం మాత్రం ఆ మేరకు తగ్గుతుంది.

రేగడిబాట
40 ఎంఎం లేపితే ఇంకేమేమి మారతాయి? షాపువాళ్లు అలైన్‌మెంట్ చేయిస్తే చాలన్నారు.

గేర్4ఎల్
చాలదు అన్నా. జిమ్నీ ముందు యాక్సిల్‌లో అలైన్‌మెంట్ మిషన్ మీద సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే ముందు చక్రాల కొసలు లోపలికో బయటికో తిరగడం) ఒక్కటే. క్యాస్టర్‌కి (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణానికి) సర్దుబాటు లేదు.

బండి లేస్తే రేడియస్ ఆర్మ్‌లు కిందికి వాలి, యాక్సిల్ తిరిగి, క్యాస్టర్ తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, 80 దాటితే బండి అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు పోతుంది. 30 ఎంఎం వరకు చాలామంది అలాగే నడుపుతారు. 40 దాటితే ఆఫ్‌సెట్ క్యాస్టర్ బుష్‌లు వేయాలి. పాతవి ప్రెస్‌తో తీసి కొత్తవి ఎక్కించాలి. కొత్త బుష్ మీద గీత ఉంటుంది, అది కిట్టు కాగితంలో చూపిన వైపే ఉండాలి. తిరగేసి కొడితే క్యాస్టర్ ఇంకా తగ్గుతుంది.

ఎక్కువ క్యాస్టర్ కూడా పెట్టొద్దు. యాక్సిల్‌ను తిప్పితే పినియన్ ముక్కు (డిఫరెన్షియల్‌కి షాఫ్ట్ కలిసే చోటు) కిందికి వంగుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుంది. మట్టి దారిలో 2హెచ్‌లో (టూ వీల్ డ్రైవ్) లేని వణుకు 4హెచ్‌లో (మామూలు ఫోర్‌వీల్) వస్తే అక్కడే చూడాలి.

రెండోది పాన్‌హార్డ్ రాడ్, లేటరల్ రాడ్ అంటారు. అది ఒక పక్క ఛాసిస్‌కి, ఇంకో పక్క యాక్సిల్‌కి ఉంటుంది. బండి లేస్తే యాక్సిల్ పక్కకు జరుగుతుంది. రెండు ఫెండర్ల అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీసి, దారానికీ టైరుకీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. రెండు కొలతల తేడాలో సగమే యాక్సిల్ జరిగిన దూరం. 5 ఎంఎం లోపుంటే వదిలేయండి. ఎక్కువుంటే పొడవు సర్దే రాడ్ వేసి, నాలుగు చక్రాల మీద బండి నిలబడి ఉండగా సర్దాలి.

మూడోది స్టీరింగ్ వీల్ వంకర. దీన్ని డ్రాగ్ లింక్ స్లీవ్ తిప్పి సరిచేయాలి. కొందరు స్టీరింగ్ వీల్ ఊడదీసి పళ్లు మార్చి బిగిస్తారు, అలా చేస్తే యాంగిల్ సెన్సార్‌కీ చక్రానికీ లెక్క కుదరక ఈఎస్పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) దీపం వెలుగుతుంది, మలుపుల్లో అనవసరంగా బ్రేకు పడుతుంది.

హెడ్‌లైట్లు కిందికి దించడం మరవకండి, ఎదుటివాళ్ల కళ్లు పోతాయి.

గోదారిగట్టు
60-70 మధ్య స్టీరింగ్ గడగడ వణికే జబ్బుకు స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే పోతుందంటారు, నిజమా?

గేర్4ఎల్
దాక్కుంటుంది, పోదు. ఈ వరసలో చూడండి: ముందు చక్రాల బ్యాలెన్సు (గాళ్లలో ఎండిన మట్టి ఉన్నా చాలు వణకడానికి), తర్వాత పాన్‌హార్డ్ రాడ్ బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, ఆ తర్వాత కింగ్‌పిన్ బేరింగుల బిగువు. ఇంజన్ ఆన్ చేసి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్ కొంచెం కొంచెం అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కిందికి చూడాలి. ఏ కీలు దగ్గర రాడ్ కదిలాక బ్రాకెట్ కదులుతోందో అక్కడే లూజు. ఇవన్నీ బాగున్నాక డ్యాంపర్ వేస్తే రాళ్ల దెబ్బలకు మంచిదే.

కాయిల్‌స్ప్రింగ్
బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి రాస్తున్నా, రేగడిబాట గారూ.

విప్పకముందే హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచుకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి, ట్యాంకు నిండుగా ఉండగా. తర్వాత ఎంత లేచిందో, ఏ మూల తేడా ఉందో చెప్పేది ఆ కాగితమే.

స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాలి, యాక్సిల్ జాక్ మీద ఉండాలి. యాక్సిల్ దించేముందు బ్రేకు గొట్టం బ్రాకెట్లు, ఏబీఎస్ తీగ క్లిప్పులు, యాక్సిల్ బ్రీదర్ (గాలి ఆడే) పైపు విప్పాలి. గొట్టం మీద యాక్సిల్ వేలాడితే బయటికి ఏమీ కనిపించదు, లోపల గొట్టం చిట్లుతుంది.

కొత్త స్ప్రింగు పెట్టకముందే ఒక పరీక్ష చేయించండి. పాత స్ప్రింగు తీసేసి, షాకు తగిలించి, కొత్త టైరు ఎక్కించి, జాక్‌తో యాక్సిల్‌ను బంప్ స్టాప్ (యాక్సిల్ ఇంకా పైకి రాకుండా ఆపే రబ్బరు) తగిలే దాకా లేపాలి. అక్కడ స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, టైరు ఫెండర్ లోపలి లైనర్‌కి, బంపరు మూలకు, ఆర్మ్‌కి ఎక్కడ తగులుతోందో చూడాలి. తర్వాత పూర్తిగా కిందికి దించి బ్రేకు గొట్టం బిగుసుకుందా, షాఫ్ట్ జాయింటు తడుతోందా చూడాలి. చాలామంది చదును నేల మీద స్టీరింగ్ తిప్పి ‘తగలట్లేదు’ అంటారు. గుంతలో ఒక చక్రం పూర్తిగా లోపలికి పోయినప్పుడే కదా తగిలేది. పైన తగులుతుంటే లైనర్ కోయడం కంటే బంప్ స్టాప్‌ను 20-25 ఎంఎం పెంచడం మంచిది. లిఫ్ట్ టైరును దూరం పెట్టదు, బంప్ స్టాప్ పెడుతుంది.

స్ప్రింగు తోక కింది గిన్నెలో మెట్టు దగ్గర సరిగ్గా ఆనాలి. బుష్ బోల్టులన్నీ వదులుగా ఉంచి, బండిని చక్రాల మీద దించి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొద్ది నెలల్లోనే చినుగుతుంది.

సీమబాట
అన్నీ బాగా చెప్పారు. గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే. రాళ్ల బాటలో 18 పీఎస్ఐకి దించితే టైరు రాయిని చుట్టుకుంటుంది, బండి వణుకు సగం పోతుంది. ఏటి ఇసుకలో 15. 12 కంటే దిగితే బీడ్‌లాక్ (టైరు అంచును రిమ్ముకి బిగించే వలయం) లేని రిమ్ము మీంచి టైరు ఊడొచ్చు. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి, కాబట్టి ఒక కంప్రెసర్, గేజీ కొనండి. తగ్గించిన గాలితో జోరుగా పోతే పక్కగోడ వేడెక్కి పగులుతుంది.

గోదారిగట్టు
మా తమ్ముడికి 2020 తర్వాతి థార్ ఉంది. ఇదే లెక్క పనికొస్తుందా?

కాయిల్‌స్ప్రింగ్
వెనకకు చాలా వరకు పనికొస్తుంది, ముందుకు రాదు గారూ. థార్ ముందు భాగం ఇండిపెండెంట్, డబుల్ విష్‌బోన్. అక్కడ లేపితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణం పెరుగుతుంది, పై ఆర్మ్ బాల్ జాయింట్ కొసకు వస్తుంది, చక్రం కిందికి వేలాడే దూరం తగ్గుతుంది. పైన స్పేసర్ పెట్టి రెండంగుళాలు లేపిన బండ్లలో రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు కారడం అందుకే. దానికి వేరే చర్చ పెట్టండి, అక్కడ వివరంగా రాస్తా.

నట్టుబోల్టు
చట్టం సంగతి కూడా తెలిసి చేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, రెండూ కంపెనీ ఇచ్చిన నిర్దేశాలను మార్చడాన్ని ఒప్పుకోవు. టైరు ఫెండర్ బయటికి రావడం, ఎత్తు బాగా పెరగడం తనిఖీలో ముందు కంటపడేవి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగేదీ ఇదే. చేసిన ప్రతి మార్పునూ బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, జవాబు దగ్గర పెట్టుకోండి.

రేగడిబాట
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇలా అనుకుంటున్నా: ముందు 215/75 ఆల్ టెర్రైన్ ఐదు టైర్లు, కంప్రెసర్, స్లైడర్లు. ఈ ఎండాకాలం గుట్టలు తిరిగి, అప్పటికీ నడుం తగిలితే 30 ఎంఎం స్ప్రింగులు, షాకులు. స్పేర్‌తో కలిపి ఐదూ తప్పనిసరా, నాలుగు చాలవా?

నట్టుబోల్టు
ఐదూ తప్పనిసరి. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్‌లో ముందూ వెనకా షాఫ్టులు ఒకే వేగంతో కట్టేసి ఉంటాయి. వ్యాసం తేడా ఉన్న స్పేరుతో 4హెచ్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి భాగాలు బిగుసుకుంటాయి, లివర్ వెనక్కి రాదు. ఐదు టైర్లనూ వరసగా మార్చుకుంటూ తిప్పితే అరుగుదల కూడా సమానంగా ఉంటుంది. 215 స్పేరు వెనక తలుపు మీద ఇబ్బంది పెట్టదు. తలుపు గిలగిలలాడితే అక్కడి రబ్బరు బఫర్లను ఒక చుట్టు బయటికి తిప్పండి.

కాయిల్‌స్ప్రింగ్
ప్లాను బాగుంది. స్ప్రింగుల దాకా వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: కొత్త స్ప్రింగు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో 5 నుంచి 10 ఎంఎం కూర్చుంటుంది. బిగించిన రోజు స్టీరింగ్, టో మామూలుగా సరిచేయించి, 500 కిలోమీటర్లకు బోల్టులన్నీ మళ్లీ టార్క్ చూసి, అప్పుడు మళ్లీ కొలిచి, క్యాస్టర్ బుష్‌లు కావాలో వద్దో ఆ కొలతను బట్టి తేల్చండి.